పాత కారుకు డీసీ క్లాంప్ మీటరు: దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు

పాత కారు పొద్దున్నే సెల్ఫ్ అందుకోలేదంటే చూసినవాళ్లంతా చెప్పే మందు ఒకటే: బ్యాటరీ మార్చేయండి. మార్చాక కూడా అదే తంతు నడిస్తే రెండో మందు: డైనమో పోయింది, దాన్నీ మార్చేయండి. మా కారుకు ఈ రెండు మందులూ పడ్డాయి. కొత్త బ్యాటరీ కొన్నాళ్లు మురిపించి మళ్లీ చతికిలపడింది. పని చేసిన మెకానిక్ చేతిలో పనితనం ఉంది, కాదనను. కాకపోతే మీటరు పట్టుకోవడం ఆయనకు నామోషీ. చెవితో వింటాడు, వైరు తీసి నిప్పురవ్వ చూస్తాడు, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి బండి ఆగకపోతే డైనమో భేషుగ్గా ఉన్నట్టే అని తేల్చేస్తాడు. ఆ మూడో పరీక్ష కళ్లారా చూశాకే సొంతంగా మీటరు కొనాలన్న పట్టుదల వచ్చింది.

ఆ పరీక్ష గురించి ఇక్కడే ఒక మాట. ఆల్టర్నేటర్ (ఇంజను తిప్పితే కరెంటు పుట్టించే యంత్రం, మెకానిక్‌లు డైనమో అనేది దీన్నే) గట్టిగా చార్జ్ చేస్తున్న సమయంలో బ్యాటరీని తప్పిస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు, ఇగ్నిషన్ మాడ్యూల్, స్టీరియో, ఏది దొరికితే దాన్ని కాల్చేస్తుంది. ఒక్కోసారి ఏమీ కాదు. ఏమీ కాలేదు కాబట్టే ఆ అలవాటు ఇంకా బతికి ఉంది. మీ ఎదుట ఎవరైనా టెర్మినల్ మీద పానా పెట్టబోతే ముందు ఇంజను ఆపించండి.

ఇక సరుకు సంగతి. నేను కొన్నది ఏసీ, డీసీ రెండు కరెంట్లూ కొలిచే చేతి క్లాంప్ మీటరు. వైరు చుట్టూ దవడ మూసి కరెంటు కొలిచేది, ఎలక్ట్రీషియన్లు టాంగ్ టెస్టర్ అంటారే, ఆ జాతిది. వోల్టులు, ఓములు, డయోడ్ పరీక్ష, దారి తెగలేదని చెప్పే బీప్ మోత, అన్నీ దీంట్లోనే. బ్రాండు చెప్పడం లేదు. ఇలాంటివి ఒకే డబ్బాలో రకరకాల పేర్లతో వస్తాయి, పేరు కన్నా డబ్బా మీది అంకెలు చదవడం మేలు. నా దాంట్లో 60 ఆంపులది ఒక రేంజి, 600 ఆంపులది ఒకటి. చిన్న రేంజిలో 0.01 ఆంపు దాకా అంకె కనిపిస్తుంది.

కొనేవాళ్లు ముందు చూడాల్సింది డీసీ ఆంపులు ఉన్నాయా లేవా అన్నది. ఇళ్ల వైరింగు పనికి వాడే చవక క్లాంప్ మీటర్లు ఏసీ కరెంటునే కొలుస్తాయి. వాటి దవడలో ఉండేది ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట. కరెంటు దిశ మారుతూ ఉంటేనే దానికి తెలుస్తుంది. కారులో బ్యాటరీ నుంచి పారేది డీసీ, ఎంత పారినా ఆ చుట్టకు పట్టదు. తిరకాసు ఏమిటంటే, ఆ మీటర్లలో కూడా డీసీ వోల్టులు కొలిచే వీలుంటుంది కాబట్టి డబ్బా మీద డీసీ అన్న అక్షరాలు ఎక్కడో ఒకచోట కనిపిస్తాయి. వోల్టుల పక్కన కాదు, ఆంపుల పక్కన ఉండాలి అది. డీసీ కొలిచే రకంలో దవడల మధ్య హాల్ సెన్సరు ఉంటుంది. వైరు చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని అది పట్టుకుంటుంది. ఎడ్విన్ హాల్ ఈ గుణాన్ని 1879లోనే కనిపెట్టాడు, అది మన బోనెట్ కిందకి రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

క్లాంప్‌లో నాకు బాగా నచ్చింది, ఒక్క నట్టు కూడా విప్పనక్కర్లేకపోవడం. బ్యాటరీ నెగటివ్ కేబుల్ చుట్టూ దవడ మూస్తే చాలు. అక్కడ రెండు మూడు వైర్లు కలిసి ఉంటే అన్నిటినీ ఒకేసారి లోపలికి తీసుకోవాలి. పాజిటివ్, నెగటివ్ రెండూ కలిపి పట్టుకుంటే మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా వస్తుంది. దవడ మీద కరెంటు దిశ చెప్పే చిన్న బాణం ఉంటుంది. ఇంజను ఆపి హెడ్‌లైట్లు వేసి చూడండి: రెండు 55 వాట్ల బల్బులు కలిసి 9 ఆంపుల చిల్లర లాగుతాయి, పార్కింగ్ లైట్లతో ఇంకాస్త. అప్పుడు తెర మీది అంకె ముందు గుర్తు ప్లస్సా మైనస్సా అని చూసుకుని ఇంజను స్టార్ట్ చేస్తే గుర్తు తిరగబడాలి. తిరగబడిందంటే బ్యాటరీలోకి కరెంటు వెళ్తోంది. స్టార్ట్ చేసిన వెంటనే ఆ అంకె పెద్దగా ఉండి, నిమిషాలు గడిచేకొద్దీ దిగుతూ రావడం మంచి లక్షణం. గుర్తు తిరగబడకపోతే చార్జింగు లేనట్టే, ఇక వాదన అక్కర్లేదు. వోల్టులు చూసి ఊహించడం వేరు, కరెంటు ఎటు పోతోందో అంకెల్లో చూడడం వేరు.

కానీ మా కారు జబ్బు బయటపడింది ఈ దవడతో కాదు. పక్కన పడేసి ఉన్న ఎరుపు, నలుపు వైర్లతో.

చార్జింగు విషయంలో అందరికీ తెలిసిన లెక్క ఇది: రాత్రంతా ఆగిన బండిలో నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, 12.2కి దిగితే సగమే ఉన్నట్టు, 12 కన్నా కిందైతే ఖాళీ అయినట్టే. ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటరు చేతులెత్తేసింది, బ్యాటరీ ఉడుకుతుంది, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎంత చార్జ్ చేసినా 10.5 దగ్గర ఆగిపోయే బ్యాటరీలో ఉన్న ఆరు సెల్లుల్లో ఒకటి చచ్చిపోయిందని అర్థం.

మా కారు ఐడిలింగులో 13.9 చూపించింది. బాగానే ఉందనిపించింది. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి ఇంజను కాస్త రేజ్ చేయించగానే 13.2కి పడిపోయింది. ఇక్కడ ఆగిపోతే ఆల్టర్నేటర్ మీదే అనుమానం పోతుంది, ఇంకొకటి కొనిపిస్తారు. నేను ఎర్ర ప్రోబ్‌ని ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించిన బోల్టు మీద, నల్లదాన్ని ఆల్టర్నేటర్ ఒంటి మీద పెట్టాను. 14.3. అంటే అది చేయాల్సిన పని చేస్తూనే ఉంది. పుట్టిన చోట 14.3, చేరిన చోట 13.2. మధ్యలో 1.1 వోల్టు ఎవరో తినేస్తున్నారు.

తినేదెవరో పట్టుకోవడం ఈ మీటరుతో చిటికెలో పని. వోల్టుల మీదే ఉంచి, ఎర్ర ప్రోబ్ ఆల్టర్నేటర్ బోల్టు మీద, నల్లది బ్యాటరీ పాజిటివ్ మీద పెడితే ఆ దారిలో పోతున్న వోల్టేజీ నేరుగా కనిపిస్తుంది. 0.15 వచ్చింది. పాత వైరుకు అది తప్పు పట్టాల్సిన అంకె కాదు. తర్వాత ఒక ప్రోబ్ ఆల్టర్నేటర్ ఒంటి మీద, ఇంకోటి బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద. 0.95. నెగటివ్ వైపు 0.2 దాటితేనే వెతకాలంటారు. ఒక్కటి గుర్తుంచుకోండి: ప్రోబ్ మొన సీసపు పోస్టు మీదే ఆనించాలి, దాన్ని పట్టుకున్న కేబుల్ బిగింపు మీద కాదు. రెండిటి మధ్య చిలుము పట్టి ఉంటే బిగింపు మీద పెట్టి కొలిచినప్పుడు ఆ తప్పు లెక్కలోకి రాకుండా పోతుంది.

ఆ తర్వాత మా తమ్ముణ్ణి స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. బండి అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసేసి, ఒక ప్రోబ్ ఇంజను బ్లాకు మీద శుభ్రంగా ఉన్న బోల్టు మీద, రెండోది నెగటివ్ పోస్టు మీద పెట్టి పట్టుకున్నాను.

“అక్కా, కొట్టనా?”

“కొట్టు.”

సెల్ఫ్ నీరసంగా తిరిగింది. తెర మీద 3 వోల్టుల పైచిలుకు. 12 వోల్టుల బండిలో పావు వంతు వోల్టేజీ ఎర్త్ దారిలోనే (ఇంజను నుంచి బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు కరెంటు తిరిగొచ్చే దారి) ఆవిరైపోతుంటే ఇంజను ఏం తిరుగుతుంది? అదే సమయంలో బ్యాటరీ పోస్టుల మధ్య 11.3 ఉంది. మామూలుగా సెల్ఫ్ కొట్టేటప్పుడు అది 10 దాకా దిగుతుంది, 9.6 కన్నా కిందికి పోతే బ్యాటరీని అనుమానించాలి. సెల్ఫ్ ఈడుస్తూ కూడా బ్యాటరీ అంత దర్జాగా నిలబడి ఉందంటే దోషం బ్యాటరీది కాదు, దారిది. చెయ్యి పెట్టి వెతికితే గేరుబాక్సు దగ్గర నుంచి బాడీకి వెళ్లే అల్లిక పట్టీ వేడిగా తగిలింది. పైకి పట్టీ నిండుగానే ఉంది. బోల్టు విప్పి చూస్తే కన్ను దగ్గర పోగులు సగానికి పైగా తెగి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి, బాడీ వైపు పెయింటు కింద తుప్పు. కొత్త పట్టీ వేసి, అడుగున ఇనుము మెరిసేదాకా గీకి, బిగించాక పైన గ్రీసు రాశాం. అదే పరీక్షలో 0.95 కాస్తా 0.08 అయింది.

ఓములు పెట్టి చూస్తే ఇది దొరికేదా అంటే దొరకదు. అదే పట్టీని ఊడదీశాక ఓముల్లో కొలిచాను. 0.2 వచ్చింది. మీటరు వైర్లు రెండూ ఒకదానికొకటి ఆనించినా వచ్చేది 0.2 యే. నాలుగు పోగులు మిగిలి ఉన్నా బీప్ మోగుతుంది, ఆ నాలుగు పోగుల మీద వంద ఆంపులు పంపితే ఏమవుతుందో బీప్‌కు తెలియదు. లోడు మీద ఉండగా వోల్టేజీ తగ్గుదల కొలవడం తప్ప పాత వైరింగు దగ్గర ఇంకే పరీక్షా నమ్మదగ్గది కాదు. అన్నట్టు ఈ పట్టీ బొత్తిగా తెగిపోతే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఆ కేబుళ్లు వేడెక్కుతుంటే ఎర్త్ చూసుకోండి.

దవడకు అసలు పని తర్వాత దొరికింది. ఎర్త్ బాగుపడ్డాక కూడా కదలకుండా నిలబెట్టిన బండి రెండు మూడు రోజులకే నీరసపడేది. తలుపులు మూసి, తాళం చెవి తీసి, నెగటివ్ కేబుల్‌కు దవడ వేస్తే 0.43 ఆంపులు. పాత కార్బురేటర్ బండిలో గడియారం, స్టీరియో జ్ఞాపకం తప్ప రాత్రిపూట మేలుకునేవి ఏముంటాయి? 0.05 దాటకూడదు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే లోపలి లైట్ల ఫ్యూజు దగ్గర అంకె పడిపోయింది. లోపలి లైటు ఆరిపోయే ఉంది. మిగిలింది డిక్కీ లైటు. డిక్కీ మూశాక బల్బు ఆరిందో లేదో చూడడం ఎలా? ఫోను వీడియో పెట్టి లోపల పడేసి మూస్తే తెలిసిపోయింది, అమ్మగారు హాయిగా వెలుగుతూనే ఉన్నారు. డిక్కీ మూసినా స్విచ్చి లోపలికి నొక్కుకోకుండా ఇరుక్కుంది. 5 వాట్ల బల్బంటే 0.4 ఆంపు, రోజుకు దాదాపు 10 ఆంపియర్ అవర్లు. 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు రోజులకు సగమవడంలో వింతేముంది?

ఇంతవరకు మెప్పు. ఇక తిట్లు.

బల్బు తీశాక మిగిలిన కరెంటు ఎంతో ఈ దవడ చెప్పలేకపోయింది. 0.00, 0.03, 0.01, మళ్లీ 0.04 అంటూ ఊగింది. తెర మీద 0.01 దాకా అంకె ఉన్నంత మాత్రాన అది నిజమని కాదు. హాల్ సెన్సరుకు భూమి అయస్కాంతం కూడా కనబడుతుంది, మీటరును పక్కకు తిప్పితే సున్నా జరుగుతుంది. కొలవబోయే చోటనే, కొలిచే వాటంలోనే పట్టుకుని, వైరు లోపలికి రాకముందు జీరో మీట నొక్కాలి. సెల్ఫ్ కరెంటు లాంటి పెద్దది కొలిచాక దవడలో కాస్త అయస్కాంతం మిగిలిపోయి సున్నా మళ్లీ తప్పుతుంది, మళ్లీ నొక్కాలి. ఇవన్నీ చేసినా 0.05 లోపు వ్యవహారం దీనితో తేలదు. డబ్బా మీద లీకేజీ కరెంటు కూడా పట్టుకుంటుందని రాసినవాళ్లు ఏ కారు మీద పట్టుకున్నారో మరి.

అంత చిన్న కరెంటుకు పాత పద్ధతే దిక్కు. నెగటివ్ కేబుల్ విప్పి, పోస్టుకూ కేబుల్‌కూ మధ్య మామూలు మల్టీమీటరును 10 ఆంపుల సాకెట్‌లో పెట్టి కొలవడం. నా క్లాంప్ మీటర్లో ఆ సాకెట్టే లేదు, ఇది కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతి. అలా పెట్టి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, వంద ఆంపుల దెబ్బకు మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. ఫ్యూజు పీకకుండా చూడాలంటే ఇంకో ఉపాయం ఉంది: రెక్కల ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, వాటి మధ్య మిల్లీవోల్టులు కొలవండి. నికరంగా సున్నా ఉంటే ఆ దారిలో కరెంటు లేదు, పాయింట్ ఏదో కనిపిస్తే ఉంది. దీనికి 0.1 మిల్లీవోల్టు చూపగల రేంజి కావాలి. నా దాంట్లో ఉంది, అంతవరకు దీనికి మార్కులు.

రెండో తిట్టు దానంతటదే ఆరిపోయే తెలివి మీద. కారు తలుపులు మూసి, లోపలివన్నీ పడుకునేదాకా ఓపిక పట్టి చూద్దామనుకునేసరికి మీటరే పడుకుంటుంది. లేపితే జీరో మరిచిపోయి ఉంటుంది. ఆన్ చేసేటప్పుడు ఒక మీట నొక్కి పట్టుకుంటే ఈ గుణం పోతుందని మాన్యువల్లో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మీరు కొనేదాంట్లో అలాంటి వీలుందో లేదో చూడండి.

మినిమం, మాక్సిమం పట్టి ఉంచే మీట పేరుకే. తెర సెకనుకు రెండు మూడు సార్లే మారుతుంది, సెల్ఫ్ తగిలిన క్షణంలో వోల్టేజీ వేసే అసలు పల్టీ దానికి చిక్కదు. నాలుగైదు సెకన్లు తిప్పితే వచ్చే నిలకడ అంకెతోనే సరిపెట్టుకోవాలి.

ఏసీ వోల్టులు మాత్రం కారుకూ ఉపయోగమే. ఆల్టర్నేటర్ లోపల పుట్టేది మూడు ఫేజుల ఏసీ, దాన్ని డయోడ్లు డీసీగా మారుస్తాయి. ఇంజను నడుస్తూ లైట్లు వేసి ఉండగా బ్యాటరీ మీద ఏసీ వోల్టులు కొలిస్తే 0.1 లోపు ఉండాలి, 0.5 దాటితే డయోడ్ పోయినట్టు అనుమానించవచ్చు. ముందు ఇంజను ఆపి కొలవండి. అప్పుడు సున్నా రావాలి. కొన్ని చవక మీటర్లు డీసీని అడ్డుకోలేక అక్కడే ఏదో పెద్ద అంకె చూపిస్తాయి, వాటితో ఈ పరీక్ష చేయకండి. నాది సున్నా చూపించింది, ఇంజను మీద 0.04.

మీటరే అక్కర్లేని పరీక్ష కూడా ఒకటుంది, చాలామంది మరిచిపోతారు. తాళం చెవి తిప్పగానే, ఇంజను అందుకోకముందు, డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు వెలగాలి. చాలా పాత బళ్లలో ఆల్టర్నేటర్‌ను నిద్రలేపే తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడిపోతే చార్జింగు మొదలే కాకపోవచ్చు. అంత చిన్న బల్బు కోసం ఆల్టర్నేటర్ మార్పించుకున్నవాళ్లు ఉంటారంటే నేను నమ్ముతాను.

మీటరుతో వచ్చిన ప్రోబ్ వైర్లు ఘోరం. పైతొడుగు బిరుసు, మొనలు మొద్దు, రేడియేటర్ ఫ్యాన్ పక్కన వేలాడితే భయమేస్తుంది. మెత్తటి సిలికాన్ వైర్లు, మొసలి క్లిప్పులు విడిగా కొన్నాను. నెగటివ్ పోస్టుకు ఒక క్లిప్పు తగిలించేస్తే ఒక చెయ్యి ఖాళీ అవుతుంది. మీటరు లోపలి బ్యాటరీ దిగిపోతే అంకెలు తప్పుతాయి, తరచుగా ఎక్కువ చూపిస్తాయి. 14.5 ఉన్నది 16 అని చూపిస్తే మంచి రెగ్యులేటరును బలిచ్చేస్తాం. తెర మూలన బ్యాటరీ గుర్తు కనబడగానే మార్చేయాలి.

తెర వెలుగు బాగుంది. దవడ తెరిచే మీట బొటనవేలికి సరిగ్గా అందుతుంది, లావు కేబుల్ చుట్టూ కూడా పూర్తిగా మూసుకుంటుంది. మూతులు రెండూ కలవకపోతే అంకె తప్పు, ఇరుకు బోనెట్లో ఇది ముఖ్యం.

అయిదుకు మూడున్నర ఇస్తాను. మామూలు మల్టీమీటరు కూడా లేనివాళ్లు ముందు అదే కొనండి, 10 ఆంపుల సాకెట్ ఉన్నది, మిల్లీవోల్టులు చూపేది. పాత కారు చార్జింగు గొడవల్లో ఎక్కువ భాగం దానితోనే తేలుతుంది, ఎర్త్ పట్టీ నాకు దొరికిన పద్ధతికి దవడ అక్కర్లేదు. మల్టీమీటరు ఇప్పటికే ఉండి, బండి నిలబెడితే బ్యాటరీ దిగిపోతోందని, లేదా లోడు వేసినప్పుడు ఆల్టర్నేటర్ ఎంత ఇస్తోందో తెలియాలని ఉన్నవాళ్లకు డీసీ క్లాంప్ కొనమంటాను. రెండూ ఒకదాంట్లోనే దొరకాలంటే క్లాంపుతో పాటు కరెంటు కొలిచే సాకెట్టూ ఉన్న మోడల్ వెతకండి. నేను ఇంకోసారి కొంటే అదే కొంటాను.